బానే ఉన్నాది

అప్పలరాజు జేబురుమాలు తీసి బోర్డు మీద ముందు నొప్పిని తుడిచేశాడు. తర్వాత భయాన్ని. ఆ తర్వాత చలిని. ఒంటరితనం దగ్గరికొచ్చేసరికి రుమాలు నల్లబడిపోయింది. మడత తిప్పి, శుభ్రంగా ఉన్న వైపుతో దాన్ని కూడా తుడిచి చేతులు దులుపుకున్నాడు.

మార్కర్ మూత తీసి పట్టుకుని పావని అలాగే నిలబడిపోయింది. పొద్దుటి నుంచీ గొంతు అరగదీసుకుని పిల్లలకి ఎక్కించిన మాటలవి. జపాన్ వాళ్ల భాషలో ఒక వింత ఉంది. నిన్న తిన్న పెసరట్టు గురించి చెప్పాలంటే మనం గతాన్ని తీసుకెళ్లి ‘ఉండడం’ నెత్తిన పెడతాం, రుచి జోలికి పోం. వాళ్లు రుచినే గతంలోకి పంపించేస్తారు. ‘ఒయిషీ’ అంటే రుచిగా ఉంది. చివరి ‘ఇ’ కోసేసి ‘కత్తా’ అతికిస్తే ‘ఒయిషికత్తా’, రుచిగా ఉండేది. ‘ఇతాయి’ అంటే నొప్పిగా ఉంది. కోసి అతికిస్తే ‘ఇతకత్తా’, నొప్పిగా ఉండేది. భయానికైనా చలికైనా ఇదే కత్తిరింపు, ఇదే అతుకు.

మన పిల్లలకి కొయ్యడానికి చేతులు రావు. మాటని ఎక్కడిదక్కడ ఉంచేసి వెనకాల ‘దెషితా’, అంటే ‘ఉండేది’, తగిలిస్తారు. ‘ఇతాయి దెషితా’ అంటారు. “చీర మీద చీర కట్టుకున్నట్టుందర్రా” అని పావని ఎన్నాళ్లుగానో మొత్తుకుంటోంది. ‘గెంకి’, అంటే కులాసా, అలాంటి కొన్ని మాటలకి మాత్రం దెషితా అతుకుతుంది. అవి తోక లేని జాతి. ఇక ‘మంచి’ అన్న మాట ఒక్కటే మహా మొండిది. ‘ఈ’ అని పొట్టిగా ఉన్నది కాస్తా గతంలోకి వెళ్లగానే వేషం మార్చి ‘యొకత్తా’ అయి కూర్చుంటుంది.

ఇంత కష్టపడి ఎక్కించినదాన్ని అప్పలరాజు రుమాలు రెండు నిమిషాల్లో దించేసింది.

“ఏటండి మేడం ఇవి? నెప్పి, బయ్యం, సలి! పిల్లల్ని జపాన్ పంపుతున్నామా, పోస్టుమార్టానికి పంపుతున్నామా?”

ఈ అకాడమీ అతనిదే. అనకాపల్లి బెల్లం మార్కెట్టుకి పోయే రోడ్డులో, ట్రాక్టర్ సామాన్ల కొట్టు పైన రెండు గదులు. బయట బోర్డు మీద చెర్రీ పూల చాటు నుంచి పాత ‘బ్యాంక్ కోచింగ్’ అక్షరాలు ఇంకా తొంగిచూస్తుంటాయి. జపనీసులో అతనికి వచ్చింది నడుం వంచి దండం పెట్టడం ఒక్కటే. అది మాత్రం లోటు లేకుండా వంగుతాడు.

“ముసలివాళ్ల హోమ్‌కి పంపుతున్నాం సార్,” అంది పావని. “అక్కడ నొప్పులే ఉంటాయి.”

“ఉంటే డాక్టర్లుంటారు. శుక్రవారం ఇంటర్వ్యూ. అక్కడి మోరితా మేడం వీడియోలోకి వచ్చి అడిగేది ఒక్కటే కదా, ఇంతకు ముందు ఏం పని చేశావు, ఎలా ఉండేది అని. మనోళ్లు ఏటి సెప్పాలి?” అని చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని క్లాసు వైపు వంగాడు.

“తనొషికత్తా దెస్!” అంది క్లాసంతా ఒక్క గొంతుతో, చివర్న మర్యాదకి ‘దెస్’ చేర్చి.

సరదాగా ఉండేది. అప్పలరాజుకి పావని పాఠం మొత్తంలో నచ్చిన మాట అదొక్కటే. బోర్డు మీద ఇప్పుడు సరదా, రుచి, సంతోషం, మంచి మిగిలాయి. చూడ్డానికి శుభలేఖలా ఉంది.

వెనక బెంచీలోంచి తలుపులమ్మ లేచింది. రాజయ్యపేట నుంచి తెల్లవారగానే ఆటో ఎక్కి, నక్కపల్లిలో బస్సు పట్టుకుని వస్తుందా పిల్ల. చున్నీ కొసని వేలికి చుడుతూ, విప్పుతూ అంది. “సార్, ఆ నెప్పి మాట ఒక్కటీ ఉంచండి.”

“ఎందుకమ్మా?”

“నాను పని సేసిన కాడ అదే ఉండేది. ఎలాగుండేదని ఆవిడడిగితే ఏటి సెప్పను మరి?”

ముందు బెంచీలు కిసుక్కుమన్నాయి. అప్పలరాజు నవ్వలేదు. తలుపులమ్మ ఆయాగా పని చేసింది ఈ ఊళ్లోనే ఒక నర్సింగ్ హోమ్‌లో. అకాడమీ పిల్లలకి పక్క వెయ్యడం, ఒళ్లు తుడవడం నేర్పేదీ ఆ నర్సింగ్ హోమే. తలుపులమ్మని అక్కడి నుంచి పంపేశారని అందరికీ తెలుసు. ఎందుకు పంపేశారని మాత్రం ఎవరూ అడగలేదు.

“నువ్వూ తనొషికత్తా అనే సెప్తావు.”

“సరదాగా ఏటీ లేదు కద సార్.”

అప్పలరాజు నల్లబడిన రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. మడతలు చాలా శ్రద్ధగా పెట్టాడు. “నువ్వు ఈ శుక్రవారం వద్దులే. నెక్స్ట్ బ్యాచ్‌లో సూద్దాం. కొంచెం పాజిటివ్ థింకింగ్ అలవాటు చేసుకో.”

“ఈసారి అవకపోతే రొయ్యల సెడ్డుకి పొమ్మన్నాడు సార్ మా అన్న. ఐసులో సేతులెట్టి ఒలవాల.”

“రొయ్యలు కూడా మంచి ఫీల్డే,” అన్నాడు అప్పలరాజు, దీవించినట్టు. తన గదిలోకి వెళ్లిపోయాడు.

తలుపులమ్మ కూర్చుంది. వేలికి చుట్టిన చున్నీ అలాగే ఉంది, వేలి కొస తెల్లగా పాలిపోయేదాకా.

పావని మార్కర్‌కి మూత పెట్టింది. అది టప్పుమని ఎంత గట్టిగా పడిందంటే, ముందు బెంచీలో సుప్రియ ఉలిక్కిపడింది.

*

“కూర తరుగుతున్నావా, ఎవర్నైనా నరుకుతున్నావా?” అన్నాడు పావని మొగుడు అయ్యప్ప, హాల్లో కుర్చీలోంచి. ఎరువుల కొట్టు కట్టేసి వచ్చి, కాళ్లు స్టూలు మీద పెట్టుకుని ఫోన్ చూసుకుంటున్నాడు.

“బెండకాయలు,” అంది పావని వంటింట్లోంచి. “ప్రస్తుతానికి.”

జరిగిందంతా చెప్పింది. చెప్తున్నంతసేపూ కత్తి ఆగలేదు. అయ్యప్ప విని, “అతని అకాడమీ, అతనిష్టం. నువ్వు టైంపాస్‌కి కదా వెళ్తున్నావు, బీపీ తెచ్చుకోడం దేనికి?” అన్నాడు.

టైంపాస్. వంటింటి గట్టు మీద ఫోన్ ఆనించుకుని, ఒక పక్క పప్పు ఉడుకుతుంటే ఇంకో పక్క అక్షరాలు దిద్దుకుంటూ నేర్చుకున్న భాష. చెన్నై వెళ్లి పరీక్ష రాసి పాసైన భాష. పావని మిగిలిన బెండకాయలు మరీ సన్నగా తరిగింది. ఆ రాత్రి కూర అయ్యప్పకి నోటికి తగల్లేదు, నమలడానికి ఏమీ దొరక్క.

నూనె గిన్నె వెచ్చబెట్టి అత్తగారి గదిలోకి వెళ్లింది. తుంటి విరిగి ఆపరేషన్ అయిన దగ్గర్నుంచీ అప్పలనర్సమ్మకి ఆ మంచమే లోకం. కిటికీలోంచి చెరుకు ట్రాక్టర్లు కనిపిస్తాయి. పోయే ట్రాక్టర్ చప్పుడుని బట్టి ఎవరి తోటది ఎంత లోడో చెప్పేస్తుంది. అదొక్కటీ సరదా ఆవిడకి.

“ఏటే ఆ గిన్నెల మోత? పెళ్లా?”

“కోపం అత్తా.”

“ఎవరి మీద?”

“లిస్టు పెద్దది. ఇటు తిరగండి.”

పావని ఆవిడని అలవాటుగా ఎడమ వైపుకి తిప్పింది, ఆపరేషన్ అయిన కుడి తుంటి పైకి వచ్చేలా. నూనె రాస్తూ అలవాటుగా అడిగింది. “నొప్పి ఉందా?”

“లేదమ్మా, బానే ఉన్నాది.”

అప్పలనర్సమ్మ చెయ్యి మంచం పట్టీని పట్టుకుని ఉంది. కణుపులు తేలి కనిపిస్తున్నాయి. పావని చూసింది, కానీ బుర్ర నిండా అప్పలరాజు రుమాలు ఉంది.

హాల్లో ఫోన్ మోగింది. గాజువాక నుంచి ఆడపడుచు రాజశ్రీ. రోజూ ఈ వేళకే. స్పీకర్లోంచి గొంతు గదిదాకా వినిపించింది. “అన్నయ్యా, అమ్మెలాగుంది?”

అయ్యప్ప కుర్చీలోంచి కదలకుండానే జవాబిచ్చాడు. “బానే ఉన్నాది.”

*

మర్నాడు తలుపులమ్మ రాదనుకుంది పావని. వచ్చింది. అందరికంటే ముందే వచ్చి, బెంచీలు రెండు దగ్గరికి చేర్చి మంచంలా అమర్చి ఉంచింది.

అది ప్రాక్టీసు గంట. సనోబర్ పేషెంటు. ఊళ్లో బట్టల కొట్టు వాళ్లమ్మాయి, పేషెంటుగా పడుకోమంటే నిజంగానే నిద్రపోగలదు. సుప్రియ వచ్చి సనోబర్ భుజం మీద ఒక చెయ్యి, తుంటి మీద ఒక చెయ్యి వేసి, పుస్తకంలో ఉన్నట్టే ఒక్క ఊపులో తిప్పింది. చక్కగా వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు.

“ఇప్పుడు తలుపులమ్మా, నువ్వు.”

తలుపులమ్మ వెంటనే చెయ్యి వెయ్యలేదు. ముందు అరచేతులు రెండూ రుద్దుకుని వెచ్చ చేసుకుంది. సనోబర్ మొహానికి దగ్గరగా వంగి, “ఏ పక్క నెప్పి?” అంది.

“నాకేం నొప్పి లేదే బాబూ,” అంది సనోబర్, కళ్లు మూసుకునే.

“ఏ పక్కా లేకపోతే లేదను. అడక్కుండా తిప్పకూడదు,” అని సనోబర్ మోకాలు మడిచి, చేతులు గుండెల మీద పెట్టి, కింద పరిచిన దుప్పటి అంచు పట్టుకుని తన వైపుకి లాక్కుంది. సనోబర్ తిరిగింది. తిరిగినట్టు తెలియకుండా తిరిగింది.

“ఎవరు నేర్పేరు?” అంది పావని.

“ఒక ముసలమ్మండి. పేషెంటు.” దుప్పటి ముడత సరిచేస్తూ, మొహం ఎత్తకుండా చెప్పింది తలుపులమ్మ. “మా నర్సింగ్ హోంలో. నడుం కింద పుండు పడిపోయింది ఆవిడికి. తిప్పితే కేకేసీది. పొద్దుట డ్యూటీ సిస్టరొచ్చి ఎలాగుందే అంటే, రాత్రి సిస్టరు ‘బానే ఉన్నాది’ అనీది. రాత్రోళ్లొచ్చి అడిగితే పొద్దుటోళ్లు ‘బానే ఉన్నాది’ అనీవోరు. ఎవుల కాడ సూసినా బానే ఉన్నాది. పుండు మాత్రం పెద్దదైపోతన్నాది. ఒకరోజు ఆళ్లబ్బాయి వచ్చేడు, నాను వరండాలో ఉన్నాను. అమ్మెలాగుందని అడిగేడు. నెప్పితో సచ్చిపోతన్నాది బాబూ అన్నాను. మర్నాడు డ్యూటీకి రావొద్దన్నారు. పేషెంటోల్ల పార్టీని కంగారు పెట్టేనంట.”

“ఆవిడ?”

“తెలీదు మేడం. లోపలికి రానివ్వలేదు కదా నన్ను.”

సనోబర్ కళ్లు తెరిచింది.

పావని మెట్ల మీద బూట్ల చప్పుడు వినగానే వెళ్లి అప్పలరాజు గది తలుపు దగ్గర నిలబడింది. అతను ఇంకా తాళం తియ్యలేదు.

“తలుపులమ్మ శుక్రవారం కూర్చుంటుంది సార్.”

“మేడం, మీకు సాఫ్ట్ కార్నర్ ఉంది, నాకర్థమైంది. కానీ ఆ పిల్ల కెమెరా ముందు నర్సింగ్ హోమోల్ల పరువు తీసిందనుకోండి, రేపు మన పిల్లల్ని ప్రాక్టీసుకి రానిస్తారా? ఒకళ్ల కోసం అందరి పొట్టా కొట్టమంటారా?”

“ఆ పిల్ల నోరు తెరిచింది. మిగతావాళ్లు మూసుకున్నారు. పరువు ఎవరిది పోవాలి?”

“అదిగో, మళ్లీ నెగటివ్.”

“సరే, పాజిటివ్‌గానే చెప్తాను. శుక్రవారం మీరు బ్రహ్మాండంగా మాట్లాడతారు. మోరితా గారు జపనీసులో అడుగుతారు. మీరు చక్కగా వంగుతారు. నేను మా ఇంట్లో బెండకాయలు తరుగుతుంటాను.”

అప్పలరాజు నవ్వాడు. పావని నవ్వలేదు. అతని నవ్వు మెల్లిగా లెక్కల్లోకి దిగడం, పెదవుల దగ్గర మొదలై కళ్లదాకా పాకడం కనిపించింది. తాళంచెవి వేలి మీద ఒకసారి తిప్పాడు.

“ఆఖర్న కూర్చోబెడదాం. టైం ఉంటే. కానీ ఒక్క కండిషన్. అందరూ ఏటి సెప్తే ఆ పిల్లా అదే. తనొషికత్తా. మీరే హామీ.”

“సరే,” అంది పావని.

అన్న తర్వాత తెలిసింది, ఏమందో.

తలుపులమ్మని మెట్ల దగ్గరికి పిలిచింది. కింద ట్రాక్టర్ కొట్టులో ఎవరో ఇనప రేకుని సుత్తితో సాపు చేస్తున్నారు. ఆ మోతలో గట్టిగా చెప్పాల్సి వచ్చింది, రహస్యం చెప్పాల్సిన మాట. “ఒక్క రోజు. ఒక్క మాట. తనొషికత్తా అని చెప్పు చాలు. విమానం ఎక్కేక నీ ఇష్టం వచ్చింది చెప్పుకో. నీ మంచికే చెప్తున్నాను.”

తలుపులమ్మ ఆవిడ వంక చూసింది. కోపం లేదు ఆ చూపులో. ఏదో ఇంట్లోకి వెళ్లబోతుంటే తాళం కనిపించినవాళ్లు చూసినట్టు చూసింది.

“అలాగే మేడం,” అంది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ దారంతా పావని అప్పలరాజుని తిట్టుకుంది. నర్సింగ్ హోమ్‌ని తిట్టుకుంది. ‘టైంపాస్’ అన్న మొగుణ్ని కూడా విడిచిపెట్టలేదు. తిట్టడం అంతా అయ్యాక కూడా కొంత కోపం మిగిలిపోయింది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక ఇంటిదాకా మోసుకెళ్లింది.

*

శుక్రవారం అప్పలరాజు కోటు వేసుకొచ్చాడు. వెనకాల కొండా, పూలూ ఉన్న ఫ్లెక్సీ కట్టించాడు. లాప్‌టాప్‌కి బొట్టు పెట్టాడు. తెర మీద మోరితా-సాన్ వచ్చింది. అరవై దగ్గర పడిన మనిషి, మోచేతుల దగ్గర వెలిసిపోయిన స్వెట్టరు. ఆవిడ వెనకాల ఎవరో చక్రాల కుర్చీ తోసుకుంటూ పోతున్నారు. అప్పలరాజు టేబుల్‌కి తల తగిలేలా వంగాడు.

ముందు సుప్రియ కూర్చుంది. నాతవరం నుంచి వచ్చే పిల్ల, క్లాసులో అందరికంటే చురుకు.

“ఇంతకు ముందు చేసిన పని ఎలా ఉండేది?”

“తనొషికత్తా దెస్!”

తర్వాత సనోబర్. “తనొషికత్తా దెస్!” ఆ తర్వాతి పిల్లా అదే. ఆ పై పిల్లా అదే. ఒకే రాగం, చివర్న ఒకే నవ్వు. మోరితా-సాన్ మొదట్లో తనూ నవ్వింది. పోనుపోను ఆవిడ నవ్వు పలచబడింది. కలం కింద పెట్టి, అందర్నీ మళ్లీ ఒక్కొక్కరుగా కూర్చోమంది.

“నేను పొద్దుటి డ్యూటీకి వస్తున్నాను అనుకో,” అని ఆవిడ నెమ్మదిగా, విడదీసి విడదీసి చెప్పింది. “రాత్రి డ్యూటీ నీది. హానా-సాన్ అని చాలా పెద్దావిడ. రాత్రి అన్నం ముట్టలేదు. పక్కకి తిప్పితే ఏడ్చింది. రాత్రి ఎలా ఉందో నాకు చెప్పు.”

సుప్రియకి ప్రశ్న పూర్తిగా అర్థమైంది. కళ్లలో తెలుస్తూనే ఉంది. వెన్ను నిటారుగా పెట్టి, నవ్వుతూ చెప్పింది. “హానా-సాన్ వా గెంకి దెషితా.”

హానా-సాన్ కులాసాగా ఉన్నారు.

గోడ పక్కన నిలబడి అప్పలరాజు బొటనవేలు ఎత్తి చూపించాడు.

సనోబర్ వచ్చింది. గెంకి దెషితా. ఆ తర్వాతి పిల్లా గెంకి దెషితానే. ఇది ఎవరూ రాసిచ్చింది కాదు, అప్పలరాజు నేర్పింది కాదు. నొప్పికి జపనీసులో ఏమంటారో ఈ పిల్లలందరికీ తెలుసు. రుమాలుతో తుడిచినంత మాత్రాన బుర్రలోంచి పోదు. అయినా గుమ్మంలో నిలబడి ఎవరైనా లోపల పడుకున్నవాళ్లెలా ఉన్నారని అడిగితే, ఈ పిల్లలు వాళ్లమ్మల దగ్గర, అమ్మమ్మల దగ్గర విన్న జవాబు ఒక్కటే. అది ఏ భాషలోకైనా తడుముకోకుండా వచ్చేస్తుంది. పావని కోపం కాళ్ల కింద నేల జరిగినట్టయింది. తిట్టడానికి అప్పలరాజు ఒక్కడూ సరిపోవడం లేదు.

మోరితా-సాన్ టీచరైన పావనినే అడిగింది. “సెన్సేయ్, వీళ్లకి ఆ మాటలు రావా?”

“వచ్చు,” అంది పావని.

“మరి?”

పావని జపనీసులో వెతుక్కుంది. “మర్యాద,” అంది చివరికి. “మా వైపు పేషెంటు ఎలా ఉన్నారని అడిగితే బాగున్నారనే చెప్తారు. లేకపోతే అడిగినవాళ్లు బాధపడతారని.”

“అడిగినవాళ్లు బాధపడకపోతే,” అంది మోరితా-సాన్, “హానా-సాన్‌ని ఎవరు చూస్తారు?”

అప్పలరాజు వంగి గుసగుసగా అడిగాడు. “ఏటంటన్నాదండి?”

“మన మర్యాద గురించి మాట్లాడుతున్నారు సార్.”

“ఆఁ! మర్యాదలో అనకాపల్లోల్లని కొట్టేవోడు లేడని సెప్పండి.”

ఆఖర్న తలుపులమ్మ వచ్చి కూర్చుంది. అప్పలరాజు గడియారం చూసి, పావనికి చూపించాడు. పావని చూడనట్టు ఊరుకుంది.

“ముందు చేసిన పని ఎలా ఉండేది?”

తలుపులమ్మ పావని వైపు ఒకసారి చూసి, మళ్లీ తెర వైపు తిరిగింది. “తనొషికత్తా దెస్,” అంది. గొంతులో ఉప్పూ కారం లేదు. పావని తల దించుకుని తన చెప్పులు చూసుకుంది.

మోరితా-సాన్ నిట్టూర్చి, హానా-సాన్ కథ మళ్లీ చెప్పింది. అన్నం ముట్టలేదు. తిప్పితే ఏడ్చింది. ఎలా ఉంది?

గోడ పక్క నుంచి అప్పలరాజు పెదాలతో ‘గెంకి, గెంకి’ అని అందిస్తున్నాడు. తలుపులమ్మ అటు చూడలేదు. రెండు అరచేతులూ రుద్దుకుంది, వెచ్చ చేసుకుంటున్నట్టు. ముందుకి వంగి అడిగింది. “మిగి దెస్ కా? హిదరి దెస్ కా?”

కుడి పక్కా? ఎడమ పక్కా?

మోరితా-సాన్ కుర్చీలో సర్దుకుని కూర్చుంది. పొద్దుటి నుంచీ ఆవిడని తిరిగి ప్రశ్న అడిగినవాళ్లు ఎవరూ లేరు. “మిగి,” అంది. కుడి.

తలుపులమ్మ చెయ్యి తన కుడి తుంటి మీదకి వెళ్లింది. “మిగి, ఇతాయి దెషితా,” అంది.

చీర మీద చీర. ఎన్నాళ్లుగానో పావని తిట్టిపోస్తున్న తప్పు. పావని నోరు అలవాటుగా తెరుచుకుని, మళ్లీ మూసుకుంది. తెర మీద ఆవిడ కూడా దిద్దలేదు. రాసుకుంటోంది.

“సముకత్తా దెస్,” అంది తలుపులమ్మ. ఈసారి కోసింది, అతికించింది. చలేసింది. “కొవకత్తా దెస్.” భయమేసింది. ఆగి, ఊపిరి తీసుకుని, “ఒఇషా-సాన్ ఒ యొందె కుదసై,” అంది. డాక్టర్ని పిలవండి. ఆ తర్వాత ఎవరూ అడక్కుండానే తల అడ్డంగా ఊపి, క్షమించమంది. “సుమిమసెన్. ముందు సెప్పింది...” తెలుగు వచ్చేసిందని తెలుసుకుని సర్దుకుంది. “షిగొతొ వా, త్సురకత్తా దెస్.”

పని భరించలేనట్టుండేది.

“ఏటన్నాది? ఏటన్నాది?” అప్పలరాజు. “పాజిటివేనా?”

“చాలా పాజిటివ్ సార్.”

మోరితా-సాన్ రాయడం ఆపి తలెత్తింది. “యొకత్తా,” అంది, మంచిదైందని తనలో తను అనుకున్నట్టు. ఆ మాట పావనికి చెబుతున్నట్టుగా కూడా ఉంది. “సెన్సేయ్, ఈ అమ్మాయికి ఇది నేర్పింది మీరేనా?”

“కాదండీ,” అంది పావని. “నేను నేర్పింది మొదటి జవాబు.”

*

సాయంత్రానికి కబురు వచ్చింది. తలుపులమ్మ సెలెక్టయింది. మిగతావాళ్లకి వచ్చే నెల మళ్లీ ఇంటర్వ్యూ.

శనివారం పావని వెళ్లేసరికి క్లాసు మెట్ల కిందికి వినిపిస్తోంది.

“ఇతకత్తా దెస్!”

బోర్డు నిండా అప్పలరాజు దస్తూరీ. నొప్పి, భయం, చలి, భరించలేకపోవడం, అన్నీ తెలుగు లిపిలో, తప్పుల్తో సహా. సరదా, సంతోషం, రుచి తుడిచేసి ఉన్నాయి. అదే రుమాలు, ఉతికినట్టుంది.

“రండి మేడం! సీక్రెట్ పట్టేసేను,” అన్నాడు అప్పలరాజు, మొహం వెలిగిపోతూ. “జపానోల్లకి నెప్పి కావాలి. మనం అనవసరంగా సరదా నేర్పేం. వచ్చే నెల అందరూ ఇదే సెప్పాలి. సుప్రియా, నవ్వొద్దమ్మా. కొంచెం కళ్లమ్మట నీళ్లు తెచ్చుకో. ఆఁ, అందరూ!”

“ఇతకత్తా దెస్!” అంది క్లాసు. రాగం మారలేదు. మొన్న సరదాకి కట్టిన రాగమే ఇవాళ నొప్పికీ సరిపోయింది. చివర్న అదే నవ్వు రాబోతే సుప్రియ బలవంతంగా ఆపుకుంది.

బయట కొత్త ఫ్లెక్సీ సిద్ధమవుతోందట. తలుపులమ్మ ఫొటో, కింద ‘మా శిక్షణ, మా విజయం’. అప్పలరాజు అది కూడా చెప్పి, వంగి దండం పెట్టి వెళ్లిపోయాడు.

పావని అరవలేదు. కొంగు తీసి, బోర్డంతా ఆ చివరి నుంచి ఈ చివరిదాకా తుడిచేసింది. కొంగు పాడైపోయింది. తెల్లటి బోర్డు ముందు నిలబడి, “బెంచీలు కలపండి,” అంది. “సనోబర్, పడుకో. సుప్రియా, నువ్వు తిప్పు.”

సుప్రియ వచ్చి భుజం మీదా తుంటి మీదా చేతులు వేసింది.

“ఆగు. చెయ్యి వేసే ముందు ఏటి అడగాలి?”

పుస్తకంలో లేదు. సుప్రియ దిక్కులు చూసింది. పడుకున్న సనోబరే తల కొంచెం ఎత్తి, రహస్యం అందించినట్టు అంది. “ఏ పక్క అని అడగవే.”

*

ఆ సాయంత్రం నూనె గిన్నెతో గదిలోకి వెళ్లి, పావని మంచం పక్కన కూర్చుంది. అలవాటుగా ఎడమ వైపుకి తిప్పబోయి, ఆగింది. అరచేతులు రుద్దుకుంది.

“ఏ పక్క అత్తా?”

“ఏటి ఏ పక్క?”

“నొప్పి. ఏ పక్క ఎక్కువ?”

“ఏటీ లేదు, బానే...” అప్పలనర్సమ్మ ఆగిపోయింది. ఉందా అని అడిగితే చెప్పడానికి ఆవిడ దగ్గర జవాబు ఎప్పుడూ సిద్ధంగానే ఉంది. ఎక్కడ అని అడిగితే లేదు. కిటికీ అవతల ఒక ట్రాక్టర్ పోయింది. ఎవరిదో చెప్పలేదు.

మంచం పట్టీని పట్టుకున్న చెయ్యి మెల్లిగా విడిపోయి, ఎడమ తుంటి వెనక్కి వెళ్లింది. రోజూ పావని ఆవిడ బరువంతా దేని మీద వేసి తిప్పుతుందో, అక్కడికి.

“ఇక్కడ. శానా దినాలైంది.”

పావని దుప్పటి తీసి చూసింది. ఎర్రగా కందిపోయి, నడిమధ్య తోలు తేలిపోయిన మచ్చ. నూనె రాసిన కుడి తుంటి మాత్రం నిగనిగలాడుతోంది.

“ఎందుకు చెప్పలేదు?” అంది. కోపంగానే అంది. ఎవరి మీదో తెలిసింది ఈసారి.

“ఎవులడిగేరు?”

హాల్లో ఫోన్ మోగింది. రాజశ్రీ గొంతు. “అన్నయ్యా, అమ్మెలాగుంది?”

“బానే ఉ...” అంటున్నాడు అయ్యప్ప. పావని వెళ్లి అతని చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

“బాగులేదు రాజశ్రీ. నిన్నా బాగులేదు, మొన్నా బాగులేదు. ఎడమ తుంటి వెనక పుండు పడుతోంది. మీ అన్నయ్యకి తెలీదు, నాకూ ఇప్పుడే తెలిసింది. రేపు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తున్నాం.”

అయ్యప్ప కాళ్లు స్టూలు మీంచి దిగాయి. “ఏటలా సెప్పేసేవు దానికి? అంత దూరంలో కంగారు పడదూ?”

“పడనివ్వండి.”

“రేపొచ్చేస్తుంది పరిగెత్తుకుని.”

“రానివ్వండి.”

అతను ఇంకేదో అనబోయాడు. ఈలోగా లోపలి గదిలోంచి అప్పలనర్సమ్మ గొంతు వినిపించింది. ఆపరేషన్ అయ్యాక ఆ గొంతు హాల్లోదాకా వచ్చింది అదే మొదటిసారి.

“పావనీ, ఆ పోనిటు తే. ఎలాగున్నానో నాను సెప్తాను.”